ప్లాన్ ఫోటోషాప్‌కి పంపే ముందు

అమ్మడూ,

సిరిపురం ఆఫీసులో చేరీ చేరగానే ప్రెజెంటేషన్ షీట్లన్నీ నీ నెత్తిన పడ్డాయట, అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఎంవీపీ కాలనీ ఇంటి ప్లాన్ చూశాను. రంగులు బాగున్నాయి, గీతలే బాలేవు. గోడల అంచుల వెంట మసక మసకగా మరకలున్నాయి చూడు, అది జేపీజీ నిర్వాకం. ఇకమీదట ఆటోక్యాడ్‌లోంచి జేపీజీలు, స్క్రీన్‌షాట్‌లు వద్దు. పీడీఎఫ్‌గా ప్లాట్ చెయ్యి, అంటే ప్రింట్ ఇచ్చినట్టే ఫైలుగా తియ్యి.

అదీ ఒక్కటి కాదు. గోడలు ఒకటి, ఫర్నిచర్ ఒకటి, హ్యాచ్ (టైల్స్ లాంటి వాటికి నింపే గీతలు) ఒకటి, అక్షరాలూ కొలతలూ ఒకటి. మిగతా లేయర్లు ఫ్రీజ్ చేసి, అంటే కనబడకుండా ఆపేసి, విడివిడిగా తియ్యి; ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. ప్లాట్ ఏరియాలో మాత్రం 'ఎక్స్‌టెంట్స్' జోలికి పోకు. లేయర్లు ఫ్రీజ్ చేసేకొద్దీ దాని హద్దులు మారిపోతాయి, సోఫా వెళ్లి గోడలో కూర్చుంటుంది. 'లేఅవుట్' పెట్టి, స్కేల్ 1:1 ఉంచు; 1:100 అన్నది వ్యూపోర్ట్‌లోనే, అంటే షీటు మీద డ్రాయింగ్ కనిపించే కిటికీలోనే ఇచ్చెయ్యి. ఫోటోషాప్‌లో తెరిచేటప్పుడూ 'బౌండింగ్ బాక్స్' కాకుండా 'మీడియా బాక్స్' ఎంచుకో. లేకపోతే బొమ్మ ఉన్నంత మేరకే కత్తిరించేస్తుంది, పడ్డ శ్రమంతా వృథా.

ప్లాట్ స్టైల్ మోనోక్రోమ్ సీటీబీ, గీతలన్నీ నల్లగా వచ్చే సెట్టింగ్ అది. లైన్‌వెయిట్లు (గీతల మందాలు) ముందే లేయర్లకి ఇచ్చుకో: కోత పడిన గోడలకు 0.5 మి.మీ., ఫర్నిచర్‌కు 0.18 చాలు. అన్నీ ఒకే మందంలో ఉంటే ఎంత రంగు పూసినా ప్లాన్ చప్పగానే ఉంటుంది.

రిజల్యూషన్ అంగుళానికి 300 పిక్సెళ్లు అని ఎవరో చెప్పారని కళ్లు మూసుకుని పెట్టెయ్యకు. ఏ3కి సరే. ఏ1 షీటుకి 300 అంటే 7016 × 9933, దాదాపు ఏడు కోట్ల పిక్సెళ్లు. అలాంటి లేయర్లు పది వేస్తే మీ ఆఫీసు కంప్యూటర్ మూలుగుతుంది. గోడకి తగిలించే షీటుకి 200 సరిపోతుంది.

రంగు ఎప్పుడూ గీతల లేయర్ కింద కొత్త లేయర్‌లో వెయ్యి. మ్యాజిక్ వాండ్‌తో గది ఎంచుకున్నాక సెలెక్షన్‌ని ఒకటి రెండు పిక్సెళ్లు ఎక్స్‌పాండ్ చెయ్యి, గోడ పక్కన తెల్ల అంచు మిగలదు. తలుపుల దగ్గర రంగు పక్క గదిలోకి కారిపోతోందని టెన్షన్ పడ్డావుగా? ఆటోక్యాడ్‌లోనే ప్రతి గుమ్మానికీ అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని వేరే లేయర్‌లో పెట్టి, గోడలతో కలిపి ఇంకో పీడీఎఫ్ తియ్యి. గదులు ఎంచుకోవడానికే అది, పనయ్యాక దాచెయ్యి.

రేపు క్లయింట్ డైనింగ్ టేబుల్ జరపమంటే ఫర్నిచర్ షీటొక్కటే మళ్లీ తీసుకుంటే సరి. ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఆ టైల్స్ హ్యాచ్ సంగతి కూర్చుని చూద్దాం.

మావయ్య