పాత కంప్యూటర్లు పద్దెనిమిది వచ్చాయి, తూకానికి వేసేయాలా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా ఊరబ్బాయి పనిచేసే హైదరాబాద్ కంపెనీలో తీసేసిన 18 డెస్క్‌టాప్‌లు మా లైబ్రరీకి ఇప్పించాడు. ఏడు అసలు ఆన్ కావడం లేదు, మిగతావి బాగా స్లో. విండోస్ 11 ఎక్కడం లేదు. రిపేరు షాపులో అడిగితే అంతా స్క్రాప్ అన్నారు. వీటితో పిల్లలకు ఏమైనా పనవుతుందా?

జవాబు: అవుతుంది. తూకానికి మాత్రం ఇప్పుడే వేయకండి.

కంపెనీలు ఇప్పుడు ఇన్ని కంప్యూటర్లు ఎందుకు వదిలించుకుంటున్నాయంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, భద్రత కోసం పెట్టే టీపీఎం 2.0 చిప్ ఉంటేనే ఎక్కుతానంటుంది. అంటే మీ దగ్గరికి వచ్చినవన్నీ చెడిపోయినవి కావు, చాలావాటికి పాతబడడమే తప్పు.

ముందు ఆన్ కాని ఏడింటి సంగతి చూడండి. ప్లగ్ పీకేసి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, అప్పుడు పక్క మూత తీయండి. లోపల దుమ్ము బ్రష్‌తో దులపండి. ర్యామ్ అనే మెమరీ ముక్క బయటికి తీసి, అంచున ఉండే బంగారు రంగు గీతలను పిల్లలు బడికి పట్టుకెళ్లే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేసి, క్లిక్‌మనేదాకా నొక్కి మళ్లీ పెట్టండి. నేను చూసినంతలో బీప్ బీప్ అంటూ స్క్రీన్ రాకుండా మొరాయించే వాటిలో సగం దీంతోనే లేచి కూర్చుంటాయి. అప్పటికీ రాకపోతే, బాగున్న మరో కంప్యూటర్ ప్లగ్ పీకేసి, దాని ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) తీసి దీనికి తగిలించి చూడండి. కానీ ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పవద్దు, ప్లగ్ తీసేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. మదర్‌బోర్డు (లోపలి పెద్ద సర్క్యూట్ పలక) మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది, తేదీ తప్పైతే బ్రౌజర్ ఏ సైటు తెరిచినా సురక్షితం కాదంటూ ఆపేస్తుంది, మనమేమో నెట్ పనిచేయడం లేదని కేబుళ్లు పీకి పెట్టుకుంటూ కూర్చుంటాం. బ్యాటరీలు ముందే మార్చేయండి.

పద్దెనిమిదీ బతకాలని పట్టుబట్టకండి. నాలుగైదింటిని స్పేర్ పార్టులకు వాడి, పన్నెండు గట్టిగా నిలబెడితే చాలు. చందా వసూలైతే మొదట ఎస్ఎస్‌డీలు, అంటే హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్కులు కొనండి. పాత హార్డ్ డిస్క్ తీసి అది పెడితే, టీ తాగి వచ్చినా తెరుచుకోని కంప్యూటర్ నిమిషంలోపే సిద్ధమవుతుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు వాడే లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం హాయిగా నడుస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఎన్నింటిలో ఎక్కించినా తప్పు లేదు, ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్ అందులోనే వస్తుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగువాళ్ల కోసం ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది, వాళ్లను అడగండి. నెట్ సరిగ్గా రాని ఊరైతే నెట్ లేకుండా చదివించే కివిక్స్ అనే ప్రోగ్రాంతో తెలుగు వికీపీడియా మొత్తం ఒకసారి దించి పెట్టుకోవచ్చు. టైపింగ్ మాత్రం ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్‌లోనే నేర్పండి, డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఆ ఫాంట్ లేని చోట చదవడానికి రాదు.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల కిందట మేం నలుగురం కలిసి ఒక బడికి పన్నెండు కంప్యూటర్లు బాగుచేసి ఇచ్చాం. ఆరు నెలల తర్వాత వెళ్తే గదికి తాళం ఉంది. తీయించి చూస్తే మానిటర్ల మీద మేం కప్పిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. పిల్లలు పాడుచేస్తారని ముట్టుకోనివ్వలేదట. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు. పల్లె పిల్లలు చాలామంది మౌస్ మొదటిసారి పట్టుకునేది కంప్యూటర్ మీద రాసే ఈఏపీసెట్ పరీక్ష హాల్లోనే, ఎంత చదివినా ఆ టెన్షన్‌లో చేయి వణుకుతుంది. అందుకే తాళంచెవి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎవరి దగ్గర ఉంటుందో ముందు తేల్చుకోండి. బాగుచేసే పని కూడా ఇంటర్ పిల్లలతోనే చేయించండి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2000లో మొదలైన ఫ్రీ గీక్‌లో ఇదే పద్ధతి ఉండేది, పాత కంప్యూటర్లు విప్పి బిగించడం నేర్చుకుని పనిచేసిన వాలంటీర్లు తమకంటూ ఒకటి ఇంటికి పట్టుకెళ్లేవారు. తన చేత్తో బిగించిన దాన్ని ఏ పిల్లాడూ పాడుచేయడు.

పూర్తిగా పోయినవాటిని అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వండి. పాత ఇనుప సామాన్ల వాళ్లకు వేస్తే రాగి కోసం వైర్లు తగలబెడతారు, ఆ పొగ మీ ఊరే పీల్చాలి.

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్ ఎవరికైనా ఇద్దామని ఉంది. ఫొటోలు, బ్యాంకు కాగితాలు డిలీట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. డిలీట్ చేసినవి, ఒక్కోసారి ఫార్మాట్ చేసినవి కూడా తిరిగి తీయవచ్చు. హార్డ్ డిస్క్ అయితే ఎన్‌వైప్ లాంటి ప్రోగ్రాంతో మొత్తం ఒకసారి తుడిపించండి. ఎస్ఎస్‌డీకి సెక్యూర్ ఎరేజ్ అని వేరే పద్ధతి ఉంది. అంత నమ్మకం లేకపోతే డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది ఇవ్వండి, తీసుకునేవాళ్లు ఏమీ అనుకోరు. బయోస్ పాస్‌వర్డ్ (ఆన్ చేయగానే విండోస్ రాకముందే అడిగేది) ఉంటే తీసేసి ఇవ్వండి, ఛార్జర్ కూడా సంచిలో వేయండి. ఛార్జర్ లేని ల్యాప్‌టాప్‌లు మా దగ్గరే మూడు ఏడాదిగా పడి ఉన్నాయి.