స్వెటర్ భుజాలకి ప్యాడ్స్ నువ్వే అల్లుకో

అమ్మాయీ,

స్వెటర్ అంతా బాగానే కుదిరింది గానీ భుజాలు జారినట్టున్నాయి, స్పాంజి ప్యాడ్స్ కొని పెట్టేయనా అని అడిగావు కదా. వద్దు. ఊలు కింద వాటి అంచు ఇట్టే తెలిసిపోతుంది, ఉతికితే నీళ్లు పీల్చుకుని ఒక పట్టాన ఆరవు, పాతబడ్డాక స్పాంజి పొడి పొడిగా రాలుతుంది కూడా. మిగిలిన ఊలుతోనే అల్లేసుకో. మీడియం మందం ఊలైతే రెండు ప్యాడ్స్‌కీ కలిపి 50 గ్రాముల ఉండ ఒక్కటి చాలు, కొంచెం మిగులుతుంది కూడా. స్వెటర్‌కి వాడిన ఊలే అయితే రంగు గొడవ ఉండదు, రెండూ ఒకేలా ఉతుక్కోవచ్చు.

అయితే ముందు స్వెటర్ మోడల్ చూసుకో. చెయ్యి విడిగా అల్లి, భుజం చివర నుంచి చంక చుట్టూ కలిపి కుట్టిన రకానికే నేను చెప్పేది. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్టొచ్చే రాగ్లాన్‌కి భుజం చివర ఆసరాగా కుట్టే ఉండదు, దానికి గుండ్రటి ప్యాడ్ కావాలి, అది వేరే పని. చెయ్యి అతుకు భుజం దాటి కిందకి దిగే వదులు మోడల్‌కైతే ప్యాడ్ ఆలోచనే మానుకో, దాని అందమే ఆ జారుడులో ఉంది.

అల్లిక చాలా తేలిక, అన్ని వరుసలూ నిట్టే, అంటే సాదా కుట్టే, పర్ల్ అనే తిరగ కుట్టు అక్కర్లేదు. అలా అల్లితే గుడ్డ మందంగా వస్తుంది, అంచులూ చుట్టుకుపోవు. స్వెటర్‌కి 4 మిల్లీమీటర్ల సూదులు వాడి ఉంటే దీనికి 3.5 తీసుకో, కాస్త బిగువుగా ఉండాలి. రెండు కుట్లతో మొదలుపెట్టి ప్రతి వరుస మొదట్లో ఒక కుట్టు పెంచుకుంటూ పో, లెక్కలేం వద్దు, సూది మీదున్న అల్లిక వెడల్పు దాదాపు 20 సెంటీమీటర్లు అయ్యేదాకా. అక్కడి నుంచి ప్రతి వరుస మొదట్లో రెండేసి కుట్లు కలిపి అల్లుతూ మళ్లీ రెండుకి దిగి ముగించెయ్. చతురస్రం వస్తుంది. అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న వరుస దగ్గర మడిస్తే రెండు పొరల త్రికోణం, అదే ప్యాడ్. ఇంకొంచెం ఎత్తు కావాలంటే మధ్యలో ఇంకో చిన్న త్రికోణం అల్లి పెట్టు. దూది మాత్రం కూరకు, ఉతికితే ఒక మూలకి ఉండకట్టి కూర్చుంటుంది.

అసలు తేడా వచ్చేది కుట్టేటప్పుడు. స్వెటర్ బల్ల మీద పరిచి కుట్టకు, తొడుక్కుని అద్దం ముందు నిలబడి ప్యాడ్ లోపల సర్దుకుని పైనుంచి పిన్నీసులు పెట్టుకో, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేత పెట్టించుకో, ఎందుకంటే నువ్వు చెయ్యెత్తగానే భుజం ఆకారమే మారిపోతుంది. మడత అంచు చేతి కుట్టుని దాటి ఒక సెంటీమీటరు చేతి వైపు వెళ్లాలి, మొన భుజం కుట్టు వెంబడే మెడ వైపు ఉండాలి కానీ మెడ పట్టీ దాకా రాకూడదు. ఇక మూడు మూలల్లో మాత్రమే, అదీ లోపలి కుట్టు మడతకే, దారం వదులుగా ఉంచి రెండు మూడు పోట్లు వెయ్. బాగా నిలబడాలని చుట్టూ బిగించి కుట్టేస్తుంటారు చాలామంది, అప్పుడు అల్లిక సాగినప్పుడల్లా బయట ముడతలు పడతాయి. తీసి పెట్టుకునేలా కావాలంటే చిన్న ప్రెస్ బటన్లు కుట్టుకో, వెల్‌క్రో అయితే ఊలు పోగుల్ని పట్టి లాగేస్తుంది.

ఇంకోటి, రెండు భుజాలూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉండేవాళ్లు తక్కువ. అద్దంలో ఒకవైపు దిగినట్టు కనిపిస్తే కంగారుపడి రెండూ విప్పెయ్యకు, ఆ వైపు ప్యాడ్‌లోనే ఇంకో పొర పెట్టి చూడు.