హైస్కూల్లో వేసిన నాటకం తర్వాత దేనికి పనికొస్తుంది?

నటులు కాకపోయినా, నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యమూ ఎదుటివారి మాట ఆలకించే ఓపికా హైస్కూలు నాటకం వల్ల పిల్లలకు అలవడతాయి, బడి దాటాక కూడా నిలుస్తాయి. నాటకంలో గొంతు చివరి వరుసకు చేరాలి, తోటివాడు మాట మరిచిపోతే వెంటనే అందుకోవాలి.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పిల్లలు ఫ్లోరైడ్ నీటిపై నాటిక వేస్తారనుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ముప్పని పాఠంలో చదివి మరిచిపోవచ్చు. ఆ నీటి వల్ల నడుము వంగిన అవ్వ పాత్ర వేసే అమ్మాయి మాత్రం బిందె ఎత్తబోయి, ఎత్తలేక, చెయ్యి ఎక్కడ ఆనించాలో పదిసార్లు సాధన చేస్తుంది. ఆమెకు ఆ నొప్పి అంకెగా కాదు, మనిషిగా గుర్తుంటుంది.

నాటకం చురుకైన పిల్లలకేనని, పదో తరగతి చదువుకు అడ్డమని చాలామంది అపోహ. బిడియస్తులకే దీని అవసరం ఎక్కువ. పాత్ర చాటున వారికి తొలిసారి గొంతు పెగులుతుంది.