కర్బనం కోసం పెంచే అడవిలో పిట్టలకు చోటుంటుందా?

వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి చెట్లు పెంచితే జీవవైవిధ్యం కూడా దానంతట అదే పెరుగుతుందా అని మీరు అడిగారు. నేను చూసినంతలో అది నాటే మొక్క కంటే, నాటకముందు ఆ నేల మీద ఏముందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

మాది కడప జిల్లాలో లంకమల కొండల దాపున ఉన్న పల్లె. పదిహేనేళ్ల కిందట కొండ కింది బీడులో జామాయిలు నాటించినప్పుడు గుంతల పని దగ్గర నేనే ఉన్నాను. వానలకు ముందే గుంతలు సిద్ధం కావాలి కాబట్టి ఆ పని నడివేసవిలో జరుగుతుంది. నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు కూడా అదే అదను. సున్నంతో గుర్తు పెట్టిన ఒక చోట గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట గుడ్లు నాలుగు ఉన్నాయి. రాళ్లకూ వాటికీ తేడా తెలియక కూలి మనిషి కాలు మోపబోయి చివరి క్షణంలో ఆగాడు. ఆ ఒక్క గుంతను వదిలేసి తక్కినవన్నీ తవ్వించాం. అదేదో గొప్ప దయ చూపినట్టు అప్పట్లో అనుకున్నాను కూడా. ఇప్పుడు ఆ తోపు పచ్చగానే ఉంది, కానీ ఎండుటాకు త్వరగా కుళ్లక మందంగా పరుచుకోవడం వల్ల కింద గడ్డి మొలవదు. తీతువులూ పొలంకలూ అక్కడ వాలడం మానేశాయి.

2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును అడవుల్లో, చెట్లలో ఇమిడ్చుకుంటామని పారిస్ ఒప్పందం కింద మన దేశం మాట ఇచ్చింది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ మాత్రం, కనీసం ఒక హెక్టారు నేలలో 10 శాతం మేర చెట్ల నీడ పరుచుకుంటే, జాతి ఏదైనా, నేల ఎవరిదైనా, దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది. ఆ లెక్కలో మా జామాయిలు తోపు అడవి. అంతకుముందున్న కలివి, రేగు పొదల బీడు అడవి కాదు.

1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ పక్షి పరిశోధకుడు కనుగొన్న కలివికోడి అనే పక్షి 1900 తర్వాత జాడ లేక అంతరించిందనుకుంటే, 1986లో ఇలాంటి పొదల అడవిలోనే, ఈ లంకమల ప్రాంతంలోనే మళ్లీ దొరికింది. రాత్రిపూట చెదలనూ పురుగులనూ ఏరుకుని తినే ఆ పక్షికి పొదల నడుమ నేల బయటపడి ఉండాలి. పొదలను విపరీతంగా నరికినా, మేతా కట్టెలూ పూర్తిగా ఆపేసి పొదలు మూసుకుపోనిచ్చినా ఆ నేల దానికి పనికిరాదు. అక్కడ వరుసలు కట్టి మొక్కలు నాటడం గురించి వేరే చెప్పాల్సిన పని లేదు.

చెట్లే వద్దని నేను అనడం లేదు. నరికేసిన అడవిలో మోళ్ల వేర్లు చాలావరకు బతికే ఉంటాయి. మా ఎగువ వాలులో ఏమీ నాటకుండా, నిప్పు పాకకుండా గీతలు తీసి, కొన్నేళ్లు గొడ్డలినీ మేకలనూ దూరంగా ఉంచితే తునికి, చండ్ర, రెల్ల తామే చిగురించాయి. జామాయిలంత వేగంగా అవి ఎదగవు కాబట్టి నివేదికలో అంకె చిన్నదిగా కనిపిస్తుంది, కానీ అక్కడ కౌజుల అరుపు ఇప్పటికీ వినిపిస్తుంది.

మీ ఊళ్లో ఇలాంటి పథకం వస్తుంటే, సున్నం గుర్తులు పడకముందే వేసవిలో ఒక ఉదయం ఆ బీడంతా కిందికి చూస్తూ నెమ్మదిగా నడిచి, కనిపించినవన్నీ రాసుకుని గ్రామసభలో చదివి వినిపించండి.