ట్రక్కు మాట్లాడుకునే ముందు

అమ్మడూ,

మీరు ఊరు మారుతున్నారనీ, సామానంతా అద్దె ట్రక్కులో వేసుకుని మీరే నడుపుకుంటూ వెళ్దామనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. అప్పుడే అద్దెలు కనుక్కుంటున్నావట. ఆ పని రెండ్రోజులు ఆపు. ముందు కొలిచే టేపు, ఒక నోటుపుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరుగు. దూరాభారం పోయేటప్పుడు డబ్బు మిగలడమైనా పోవడమైనా చాలావరకు ట్రక్కు సైజు దగ్గరే తేలిపోతుంది. బండి పెద్దదైతే అద్దె పెరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, కొన్నిచోట్ల టోలు కూడా పెరుగుతుంది.

ప్రతి వస్తువుకీ పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి, మూడూ గుణించి రాసుకో. మూడు సీట్ల సోఫా 7×3×3 అయితే 63 ఘనపుటడుగులు. ఫ్రిజ్ 6×2.5×2.5 అంటే 37 పైచిలుకు. ఇద్దరు పడుకునే పరుపు సుమారు 24. వాషింగ్ మెషిన్ 12. అడుగున్నర అట్టపెట్టె ఒక్కటి 3.4 దాకా వస్తుంది, అలాంటివి 40 ఉంటే 135 అయిపోతాయి. చాలామంది పెద్ద సామాను మాత్రమే లెక్కవేసి పెట్టెల్ని వదిలేస్తారు, తీరా ఎక్కించేటప్పుడు ట్రక్కు చాలక తల పట్టుకుంటారు. మంచాలు, బల్లలు విప్పదీయగలిగినవైతే విప్పాక వచ్చే కొలతే రాయి. మొత్తం వచ్చాక దానికి ఐదోవంతు కలుపు. ఎంత నేర్పుగా సర్దినా సందులు మిగులుతాయి.

ఇప్పుడు ట్రక్కు సంగతి. 10 అడుగుల బండి లోపలి కొలత 10×6×6 అనుకుంటే 360 ఘనపుటడుగులు. 16 అడుగులది 16×7.5×6.5 అయితే 780. కంపెనీని బట్టి ఈ కొలతలు మారతాయి కాబట్టి లోపలి కొలత అడిగి తీసుకో. డ్రైవరు క్యాబిన్ మీదికి పొడుచుకొచ్చే అరనీ, చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉండే భాగాన్నీ కలిపి చెప్పారో, తీసేసి చెప్పారో కూడా అడుగు. క్యాబిన్ మీది అరలో సోఫా పట్టదు, పెట్టెలూ దిండ్లూ పడతాయి అంతే.

సైజులు మెట్లమెట్లుగా ఉంటాయి, అసలు కిటుకు అక్కడే ఉంది. నీ సామాను 320 వచ్చిందనుకో. ఐదోవంతు కలిపితే 384. చిన్న బండికి 24 మాత్రమే ఎక్కువ. అలాంటప్పుడు ఓ పాత బల్లా, నాలుగైదు పెట్టెలూ వదిలించుకుంటే ఏకంగా ఒక మెట్టు కిందికి దిగుతావు. అదే నీ లెక్క 450 దగ్గర తేలితే ఐదోవంతు కలిపినా 540, ఎలాగూ పెద్ద బండే కావాలి, అందులో ఇంకా 240 ఖాళీ. అప్పుడు కుర్చీలు అమ్మేసినంత మాత్రాన అద్దెలో చిల్లిగవ్వ తగ్గదు. అంచుకు దగ్గర్లో ఉంటేనే సామాను తగ్గించడం కోసం తలబద్దలు కొట్టుకో. మధ్యలో ఉంటే ఇష్టమైనవన్నీ పట్టుకెళ్లు. ఒకవేళ నీ లెక్క సరిగ్గా అంచు మీదే నిలబడి, ఇంకేదీ వదలలేనంటే, నా మాట విని పెద్దదే తీసుకో. పక్క వీధికి మారేవాళ్లు రెండోసారి వచ్చి మిగిలింది తీసుకెళ్తారు. మీలా 1,600 కిలోమీటర్లు పోయేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. మిగిలిపోయింది గుమ్మంలో వదిలేయాలి, లేదంటే చివరి నిమిషంలో దొరికిన బండికి అడిగినంతా ఇచ్చుకోవాలి.

చోటుతో పాటు బరువు కూడా చూడు. మోయగల బరువెంతో ట్రక్కు తలుపు దగ్గర పట్టీ మీద రాసి ఉంటుంది. పుస్తకాలు ఘనపుటడుగుకు పదిహేను కిలోలకు అటూఇటూ తూగుతాయి, అందుకే వాటికి చిన్న పెట్టెలు వాడు, ఒక్కోటీ 20 కిలోలు దాటనివ్వకు. పెద్ద పెట్టెలో పుస్తకాలు నింపితే ఎత్తేవాడి నడుమైనా విరుగుతుంది, పెట్టె అడుగైనా ఊడుతుంది. కొన్ని దేశాల్లో పోస్టులో పుస్తకాలకి తక్కువ రేటు ఉంటుంది, అదీ కనుక్కో.

సైజు తేలాక అద్దెలు అడుగు. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలేసే బండికి రేటు కిలోమీటర్ల మీదే కాదు, ఎటు వెళ్తున్నావన్న దాని మీద కూడా ఉంటుంది. అందరూ వదిలి వెళ్లే ఊళ్లో బండ్లకి కొరత, అక్కడ తీసుకుంటే ప్రియం. అందరూ చేరే ఊళ్లో బండ్లు పేరుకుపోతాయి, అక్కడినుంచి వెనక్కి తీసుకెళ్లేవాళ్లకి చవక. అందుకని నీ ఊరి పక్కనున్న రెండు మూడు ఊళ్ల పేర్లు పెట్టి కూడా రేటు అడుగు. వదిలే చోటు విషయంలోనూ అంతే. 40 కిలోమీటర్ల అవతల తీసుకుంటే బాగా తగ్గే సందర్భాలు ఉంటాయి. కాకపోతే ఖాళీ బండిని ఇంటిదాకా తెచ్చే డీజిలు, ఒప్పందంలో ఇచ్చిన కిలోమీటర్లలోంచి పోయే ఆ 40 కూడా లెక్కలో వేసుకో.

నెలాఖరు, నెల మొదటి మూడు రోజులు, శని ఆదివారాలు, బడి సెలవులు, ఇవన్నీ గిరాకీ రోజులు. నెల మధ్యలో మంగళవారమో బుధవారమో అయితే అదే బండి తక్కువకి వస్తుంది. ఇల్లు ఖాళీ చేసే తేదీ మీ చేతిలో ఉంటే ఇంటాయనతో ముందే మాట్లాడి మధ్యలోకి జరుపుకో. ముందుగా బుక్ చేసి, రద్దు చేసుకుంటే ఏం పోతుందో రాతపూర్వకంగా తీసుకో. రద్దుకి ఖర్చు లేకపోతే వారానికోసారి రేటు చూస్తూ ఉండు, తగ్గితే కొత్తది బుక్ చేసి పాతది తీసేయి.

రేటు చెప్పగానే సరే అనకు. ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు కలిపి ఇస్తున్నారు, దాటితే రోజుకెంత, కిలోమీటరుకెంత, బీమా ఎంత, బయానా ఎంత ఆపుతారు, పన్నులు కలిపారా లేదా, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకో. పైకి చవగ్గా కనిపించిన బండి కిలోమీటర్ల లెక్క దగ్గర మింగేస్తుంది. రోజుల విషయంలో ఆశ పడొద్దు. కారులో పోయినట్టు ట్రక్కులో పోలేవు. ఆగడాలూ తిండీ కలుపుకుంటే సగటున గంటకి 65, 70 కిలోమీటర్లు పడుతుంది. 1,600 అంటే 23 గంటల పైమాటే, అంటే దారిలోనే మూడు రోజులు. ఎక్కించడానికి ఒక రోజు, దించడానికి ఒక రోజు. ఐదు రోజులు కావలసిన చోట నాలుగు రోజులకి ఒప్పుకుంటే, ఆలస్యపు రుసుము ఒక ఎత్తు, నిద్ర లేకుండా నడపడం ఇంకో ఎత్తు. రెండోది నాకు భయం.

బీమా దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. మీ కారు బీమా అద్దె ట్రక్కుకి సాధారణంగా పనికిరాదు, క్రెడిట్ కార్డులిచ్చే రక్షణలోనూ ట్రక్కుల్ని తీసేసి ఉంచుతారు. బీమా వాళ్లకి ఫోన్ చేసి కనుక్కుని, లేదంటే ట్రక్కు వాళ్ల దగ్గరే తీసుకో. తీసుకున్నాక కూడా ఏవి చెల్లవో చదువు. బండి పైకప్పు వంతెనకో చెట్టుకొమ్మకో తగిలి పాడైతే చాలా ఒప్పందాల్లో చెల్లదు. కొత్తగా ట్రక్కు నడిపేవాళ్లు చేసే పెద్ద తప్పు కూడా అదే. బండి ఎత్తు క్యాబిన్‌లో రాసి ఉంటుంది. దాన్ని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ ఎదుట అంటించు. ఫోనులో దారి చూపించే యాప్ మీరు కారులో ఉన్నారనే అనుకుంటుంది. తక్కువ ఎత్తు వంతెన కిందికీ, సెల్లారు పార్కింగులోకీ తీసుకెళ్లినా దానికి తెలీదు.

బండి తీసుకునే రోజు తాళంచెవి పుచ్చుకోగానే బయల్దేరకండి. నాలుగు వైపులా, పైకప్పు అంచులు, టైర్లు, లోపలి నేల ఫొటోలు తీయండి. కిలోమీటర్ల రీడింగూ, ట్యాంకు ముల్లూ ఒకే ఫొటోలో పడేలా ఇంకోటి తీయండి. పాత సొట్టలన్నీ వాళ్ల కాగితం మీద రాయించండి. పెట్రోలో డీజిలో ట్యాంకు మూత దగ్గర చూసుకోండి. ఒకటి పోయాల్సిన చోట ఇంకోటి పోస్తే ఇంజనుకయ్యే ఖర్చు అద్దెని మించిపోతుంది.

ఎక్కించడం గురించి కాస్త వివరంగా చెప్తాను, విరిగిపోయిన వస్తువు కూడా ఖర్చే కదా. బరువైనవన్నీ డ్రైవరు వెనక గోడకి ఆనించి నేల మీద ఉండాలి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బీరువా, పుస్తకాల పెట్టెలు. మొత్తం బరువులో సగానికి పైనే ముందు సగంలో ఉండేలా చూడండి. ఎడమా కుడీ సమానంగా పంచండి, లేకపోతే మలుపుల్లో బండి ఒరుగుతుంది. నేల నుంచి కప్పు దాకా ఒక వరస పూర్తిగా కట్టాకే రెండో వరస మొదలుపెట్టాలి. అడుగున బరువు పెట్టెలు, వాటి మీద తేలికవి, పైన దిండ్లూ బట్టల సంచులూ. ప్రతి నాలుగు అడుగులకీ ఒక వరసని గోడ కడ్డీలకి రాచెట్ బెల్టుతో, అంటే మీట ఆడించి బిగించే పట్టీతో, అడ్డంగా బిగించండి. చివర్లో ఒక్కసారే కడితే మొదటి బ్రేకుకే లోపలివి ముందుకి దూకుతాయి. పరుపుని పక్కకి నిలబెడితే గోడలా పనికొస్తుంది, దానికీ ట్రక్కు గోడకీ మధ్య అద్దాలు, ఫొటో ఫ్రేములు నిలువుగా పెట్టొచ్చు. అద్దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టకండి.

ఫ్రిజ్‌ని ముందురోజే ఖాళీ చేసి, ఆపి, మంచు కరగనిచ్చి, తుడిచి ఆరబెట్టండి. నిలువుగానే తీసుకెళ్లండి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిలు గొట్టాల్లోకి పోతుంది. తప్పక వాల్చాల్సి వస్తే, దించాక నిలబెట్టి ఒక రోజు ఆగి స్విచ్చి వేయండి. ముందు తలుపు వాషింగ్ మెషిన్‌కి వెనకవైపు బిగించే రవాణా బోల్టులు ఉంటాయి. కొన్నప్పుడు తీసి ఎక్కడో దాచి ఉంటారు, వెతకండి. అవి లేకుండా తీసుకెళ్తే లోపలి డ్రమ్ము ఊగి స్ప్రింగులు పాడవుతాయి.

దుప్పట్లూ రగ్గులూ అద్దెకిస్తామంటారు. మీ బొంతలూ తువ్వాళ్లూ అదే పని చేస్తాయి, ఎలాగూ తీసుకెళ్లాల్సినవే. చక్రాల ట్రాలీ మాత్రం అద్దెకి తీసుకోండి, అది లేకుండా ఫ్రిజ్ జోలికి వెళ్లొద్దు. గ్యాసు సిలిండరు, పెట్రోలు, రంగులు, పురుగుమందులు ట్రక్కులో పెట్టకూడదు. నగలు, కాగితాలు, మందులు నీ సంచిలో, నీ పక్కనే.

కూలీలు గంటల లెక్కన వస్తారు. వాళ్లు వచ్చేసరికి పెట్టెలన్నీ టేపు వేసి, పేర్లు రాసి, గుమ్మం దగ్గర గదిలో పేర్చి ఉంటే రెండు మూడు గంటల్లో అయిపోతుంది. వాళ్లు నిలబడి ఉండగా నువ్వు వంటింట్లో గిన్నెలు చుడుతుంటే ఆ సమయానికీ డబ్బివ్వాలి.

కారుని వెనక కట్టుకెళ్దామని అల్లుడుగారు అంటున్నారట. ముందు లెక్క చూడండి. లీటరుకి 5 కిలోమీటర్లిచ్చే ట్రక్కు 1,600కి 320 లీటర్లు తాగుతుంది. వెనక కారు కట్టడంతో అది 4కి పడిపోతే 400. అంటే 80 లీటర్లు ఎక్కువ, పైన ట్రైలరు అద్దె, ఇరుసులు పెరిగినందుకు టోలు. విడిగా నడిపితే లీటరుకి 15 ఇచ్చే కారుకి 107 లీటర్లు. డబ్బులో పెద్ద తేడా ఉండదు. ఇద్దరూ చెరో బండీ నడిపితే మాత్రం ట్రక్కు దగ్గర చేయి మార్చుకునే మనిషి ఉండడు. ఆయన ఒక్కడే మూడు రోజులు నడపగలడా అన్నది చూసుకుని తేల్చుకోండి. కట్టుకెళ్లేట్టయితే, ఇంజను ముందు చక్రాల్నే తిప్పే కారుకి ఆ రెండూ ఎత్తిపట్టే డాలీ అనే చిన్న తోపుడు చట్రం చాలు. ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పే కారుని మాత్రం పూర్తిగా ట్రైలరు మీదికి ఎక్కించాల్సిందే, లేకపోతే గేర్‌బాక్సు పోతుంది.

దారిలో 90 దాటకండి. 90 నుంచి 110కి వెళ్తే ఆ డబ్బా బండి మీద గాలి తోపు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, ట్యాంకు చూస్తుండగానే దిగిపోతుంది. బయల్దేరిన గంటకి ఒకసారి ఆపి లోపలి బెల్టులు మళ్లీ బిగించండి, కుదుపులకి సామాను సర్దుకుని బెల్టులు వదులవుతాయి. రాత్రి ఆపేటప్పుడు వెనక తలుపు గోడకి ఆనేలా నిలపండి. వెనక్కి తీసేటప్పుడు నువ్వు దిగి నిలబడు, ఆయనకి అద్దంలో కనిపించే చోట.

బండి అప్పగించే ముందు దగ్గర్లోని బంకులో ట్యాంకు తీసుకున్నప్పటి మట్టానికి నింపండి, ఆ రశీదు దాచండి. వాళ్లు నింపితే బంకు ధర కన్నా ఎక్కువ వేస్తారు. లోపల ఊడ్చి, మళ్లీ అవే ఫొటోలు తీసి, ఆఫీసు తెరిచి ఉన్న వేళలోనే మనిషి చేతికి ఇవ్వండి. రాత్రి గేటు దగ్గర వదిలేసి పోతే, పొద్దున వాళ్లు చూసేదాకా జరిగేదానికి మీరే జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. లెక్క ముగిసినట్టు బిల్లు తీసుకున్నాకే కదలండి.

వంటింటి నుంచి కొలవడం మొదలుపెట్టు, అక్కడే ఎక్కువ పెట్టెలు తేలతాయి. లెక్క పూర్తయ్యాక ఆ కాగితం ఫొటో తీసి పంపు. ఏ మెట్టు దగ్గర ఆగిందో నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ