ఆ ఫోన్ మీ అబ్బాయినే చేయనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. సెలవుల్లో ఎక్కడైనా పనిచేస్తానంటున్నాడు. మా ఆయనేమో "మనకేం తక్కువని, బుద్ధిగా చదువుకోక" అంటున్నారు. వాడు మరీ మొహమాటస్తుడు, కొత్తవాళ్ల ముందు నోరు విప్పడు. తెలిసినవాళ్ల షాపులో నేనే మాట్లాడి పెట్టించనా, లేక ముందు ఏదైనా స్కిల్స్ కోర్సులో చేర్పించమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ముందు మీవారి సంగతి చూద్దామండీ. డబ్బు కోసం కాదు, అనుభవం కోసమేనని ఆయనకు సర్దిచెప్పకండి, ఎందుకంటే డబ్బు కూడా ముఖ్యమే. ఇంట్లో అడిగి తీసుకున్న డబ్బు వేరు, నాలుగు సాయంత్రాలు నిలబడి సంపాదించింది వేరు. ఏదైనా కొనబోయే ముందు "ఇది నాకు ఎన్ని గంటల పని" అని పిల్లలు వాళ్లంతట వాళ్లే లెక్కేసుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. చదువు పాడవుతుందన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు, అయితే అది గంటలను బట్టి ఉంటుంది. అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో 1988లో తొమ్మిదో తరగతి పిల్లలను సుమారు వెయ్యి మందిని ఎంచుకుని, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వారానికి 20 గంటలు మించకుండా నిలకడగా పనిచేసినవాళ్లు చదువులో వెనకబడలేదని అందులో తేలింది. బడి నడిచే రోజుల్లో అయితే నేను అందులో సగమే చాలంటాను. సెలవుల్లో పూటపని పెట్టుకోవచ్చు.

ఇక షాపు మాట. దయచేసి మీరు మాట్లాడి పెట్టకండి. ఎక్కడ అడగాలో చెప్పండి, నంబరు ఇవ్వండి, ఫోన్ మాత్రం వాణ్ణే చేయనివ్వండి. మా తమ్ముడి కొడుకూ అచ్చం మీవాడిలాగే ఉండేవాడు. ఫోన్ చేసే ముందు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకున్నాడు: తన పేరు, వయసు, ఏయే రోజులు ఖాళీ, ఎప్పుడొచ్చి కలవమంటారు. ఆ కాగితం పట్టుకుని పావుగంట గదిలో అటూ ఇటూ తిరిగాడు. తీరా చేస్తే రెండో వాక్యం పూర్తికాకుండానే అవతలివాళ్లు "ఖాళీ లేదు బాబూ" అని పెట్టేశారు. వాడి మొహం చూస్తే నాకే ప్రాణం ఉసూరుమంది, నేనే ఎవరికో ఒకరికి చెప్పి పెట్టించేద్దామనిపించింది కూడా. ఆగాను. అరగంట తర్వాత వాడే ఇంకో నంబరుకు చేశాడు. ఈసారి కాగితంలో ఐదో వాక్యం ఉంది: "ఇప్పుడు లేకపోతే మళ్లీ ఎప్పుడు అడగమంటారు?" అది వాడికి ఎవరూ చెప్పలేదు.

కోర్సు వద్దని అనను. టైపింగ్, ఎక్సెల్, ఈమెయిల్ పద్ధతిగా రాయడం ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి. కానీ పనిలో దిగి, తనకు ఏది రావడం లేదో తెలిశాక నేర్చుకుంటే వారంలో పట్టుబడేది, ఊరికే కూర్చుని నేర్చుకుంటే నెలరోజులైనా ఎక్కదు. ఈలోపు ఇంట్లో ఒక బాధ్యత పూర్తిగా అప్పజెప్పండి, కరెంటు బిల్లు కట్టడమైనా సరే, గడువు గుర్తుచేయకండి. ఆలస్యమైతే జరిమానా వాడి పాకెట్ మనీలోంచే పోవాలి.

పనిలో చేరాక యజమాని ఒకరోజు కసురుతారు, వాడు మొహం వేలాడేసుకుని వస్తాడు. అప్పుడు ఆయనకు ఫోన్ కొట్టకండి, ఏం జరిగిందో వాణ్ణి చెప్పనిచ్చి వినండి, అంతే. కానీ ప్రమాదకరమైన మెషీన్ దగ్గర నిలబెట్టినా, రాత్రి పొద్దుపోయేదాకా ఉంచేసినా, ఒప్పుకున్న డబ్బు ఎగ్గొట్టినా, ఎవరైనా వెకిలిగా ప్రవర్తించినా మీరు ఒక్క నిమిషం కూడా మొహమాటపడొద్దు, ఆరోజే మాన్పించండి. ఈ మాట చేరకముందే వాడికి చెప్పి ఉంచండి, లేకపోతే "అమ్మ తిడుతుందేమో" అని దాచేస్తాడు.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. ఎక్కడికెళ్లినా అనుభవం ఉందా అని అడుగుతున్నారు. ఎవరూ పని ఇవ్వకపోతే అనుభవం ఎలా వస్తుంది మేడమ్? రెజ్యూమేలో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

జవాబు: ఏమీ లేదని నువ్వు అనుకుంటున్నావమ్మా. పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పావా? స్కూలు ఫంక్షన్‌కి డబ్బులు వసూలు చేసి లెక్క అప్పజెప్పావా? ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లి, చీటీ చూసి మందులు వేళకు ఇచ్చావా? అవన్నీ రాయాలి, ఎన్నాళ్లు చేశావో, వారానికి ఎన్నిసార్లో కూడా రాయాలి. "కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను" అనేవి అందరూ రాసే మాటలు, కొట్టేయ్. "ఏడాదిగా ఇద్దరు పిల్లలకు వారానికి మూడు రోజులు లెక్కలు చెబుతున్నాను" అని రాస్తే చదివేవాళ్లు ఆగుతారు. ఒక్క పేజీ చాలు. నీ గురించి చెప్పగల టీచర్ ఒకరిని ముందే అడిగి, వాళ్లు సరేనంటేనే పేరు ఇవ్వు.

మొదటి వారం తప్పులు జరుగుతాయి. నాకు తెలిసిన ఒకమ్మాయి జిరాక్స్ షాపులో చేరిన మూడోరోజే అరవై పేజీల ఫైలు కాపీ తీసి ఇచ్చేసి, కస్టమర్ గడప దాటాక చూసుకుంది, ఒక పేజీ మెషీన్‌లోనే ఉండిపోయింది. పరిగెత్తుకెళ్లి ఆయన్ని ఆపి, పేజీ ఇచ్చి, వెనక్కి వచ్చి ఓనర్‌కి తనే చెప్పింది. ఆయన ఏమీ అనలేదట. రెండు వారాలకు గల్లాపెట్టె తాళం ఈ పిల్ల చేతికిచ్చారు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. పని ఇవ్వడానికి నిన్నే డబ్బు కట్టమన్నారంటే, రిజిస్ట్రేషన్ అన్నా డిపాజిట్ అన్నా, అది మోసం. "నీ అకౌంట్‌లో డబ్బు వేస్తాం, కొంత ఉంచుకుని మిగతాది మేం చెప్పిన చోటికి పంపు" అంటే ఇంకా ప్రమాదం, దొంగసొమ్మును అలాగే దాటిస్తుంటారు, పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఉన్నవాళ్ల దగ్గరికే. ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఇలాంటిది ఏదొచ్చినా ఆరోజే ఇంట్లో చెప్పెయ్.

ప్రశ్న: మా వాడికి 14. బంధువుల వెల్డింగ్ షాపుకి వెళ్తున్నాడు. రెండు నెలలైనా ఏమీ ఇవ్వలేదు, "పని నేర్పిస్తున్నాం కదా" అంటున్నారు. అడిగితే బాగుండదేమోనని ఊరుకున్నాను.

జవాబు: డబ్బు సంగతి తర్వాత, ముందు వాణ్ణి ఆ షాపు మాన్పించండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం పనికి కనీస వయసు మామూలుగా 15 అంటుంది, వెనకబడిన దేశాలకు 14 దాకా సడలింపు ఇస్తుంది, అదీ నిర్బంధ చదువు పూర్తయ్యాకే. ప్రమాదకరమైన పనులకు 18 నిండాలి. వెల్డింగ్ మంట, పొగ పద్నాలుగేళ్ల కళ్లకీ ఊపిరితిత్తులకీ ఆడుకునే వస్తువులు కావు.

డబ్బు కూడా అడగాల్సిందే. పక్కన నిలబడి చూపించి, చేయించి, తప్పు దిద్దితే అది నేర్పడం. జీతం ఇచ్చి ఇంకొకరితో చేయించాల్సిన పని రోజూ వీడితో చేయించుకుంటే అది పనే. వెళ్లిన రోజులు, గంటలు వాడినే కాగితం మీద రాయమనండి, ఆ కాగితంతో ఇద్దరూ వెళ్లి నెమ్మదిగా కూర్చుని మాట్లాడండి. బంధుత్వం ఉంది కాబట్టే గొడవ లేకుండా తేలుతుంది. ఇచ్చే డబ్బు మీ చేతికి కాకుండా వాడి చేతికే ఇమ్మనండి.