క్లోమంలో గడ్డ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం నెమ్మదిగా, ఆగి ఆగి చదివాను. మెర్కెల్ సెల్ కార్సినోమా లాంటి అరుదైన చర్మ క్యాన్సర్ గురించి, అది క్లోమానికి (పాంక్రియాస్‌కు) పాకిన ఒక రోగి గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషం. కానీ మొదటి వాక్యంలోనే "ఆయనకు పాంక్రియాస్ క్యాన్సర్" అన్నావు, అది మార్చెయ్. చర్మంలో పుట్టిన కణాలు క్లోమందాకా వెళ్లినా అవి మెర్కెల్ కణితి కణాలే, మందులు నిర్ణయించేదీ దాన్ని బట్టే. ఈ సంగతి పాఠకుడికి ముందు అర్థం కావాలి, లేకపోతే తర్వాత నువ్వు ఎంత బాగా రాసినా అతను దారి తప్పుతాడు.

నీ వ్యాసానికి ప్రాణం రోగ నిర్ధారణలో ఉంది, దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు. కళ్లు పచ్చబడి వచ్చిన మనిషికి స్కాన్ తీస్తే క్లోమం తల దగ్గర గడ్డ, అది పైత్యరస నాళాన్ని నొక్కుతోంది. అప్పుడు ఎవరికైనా క్లోమంలోనే పుట్టిన క్యాన్సరేమో అనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువగా కనిపించేది అదే. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో, అంటే గొంతు గుండా లోపలికి పంపిన గొట్టం చివరి అల్ట్రాసౌండ్‌తో, చూస్తూ సన్నని సూదితో కణాలు తీస్తారు. వాటిలో సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే ప్రోటీన్ల పరీక్షలు పాజిటివ్ వచ్చినా తేలదు, మెర్కెల్ కణితిలోలాగే క్లోమంలోనే పుట్టే న్యూరోఎండోక్రైన్ (నాడీ కణాల పోలికలుండి హార్మోన్లు విడుదల చేసే కణాల) కణితుల్లోనూ అవి పాజిటివే. సీకే20 అనే ప్రోటీన్‌ను చూపే రంగు కణ కేంద్రకం పక్కన చుక్కలా కనిపించడం, ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌లో తరచూ ఉండే టీటీఎఫ్-1 అనే ప్రోటీన్ ఇక్కడ లేకపోవడం, ఇవి చూశాక అనుమానం చర్మం వైపు మళ్లుతుంది. ఎప్పుడో చర్మం మీద గడ్డ తీయించుకున్నానని రోగి చెబితే, ఆ పాత బయాప్సీ రిపోర్టు దొరికితే, పని ఎంతో తేలికవుతుంది. కొందరిలో చర్మం మీద మొదటి గడ్డ అసలు కనబడదు, అదీ రాయి.

ఇదంతా రాసేటప్పుడు ఏ రోజుకి డాక్టర్లకు ఎంత తెలుసో అంతే చెప్పు. చివర తేలిన సంగతి పట్టుకుని "ముందే కనిపెట్టాల్సింది" అని తీర్పు చెప్పకు, క్లోమానికి ఇది పాకడం నిజంగా అరుదు, మామూలుగా ముందు లింఫ్ గ్రంథులకు చేరుతుంది.

చరిత్ర క్లుప్తంగా చాలు. 1972లో సిరిల్ టోకర్ దీన్ని మొదట వర్ణించారు, 2008లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్‌ల బృందం ఈ కణితుల్లో ఒక పాలియోమా వైరస్‌ను కనుక్కుంది. చాలా దేశాల్లో సుమారు 80 శాతం కణితుల్లో అది ఉంటుందని రాస్తే, వెంటనే ఇంకో మాట కూడా రాయాలి: ఆ వైరస్ చాలామంది ఆరోగ్యవంతుల చర్మం మీదా ఉంటుంది, వాళ్లలో దాదాపు ఎవరికీ క్యాన్సర్ రాదు. ఈ మాట వదిలేస్తే చదివినవాళ్లకు అనవసరంగా టెన్షన్ పెట్టినవాడివవుతావు.

లక్షణాలు మాత్రం విడమరిచి రాయి. నొప్పి లేని, ఎరుపు లేదా ఊదా రంగు గడ్డ, వారాల్లోనే పెరిగేది, ఎక్కువగా ఎండ తగిలే చోట, 50 దాటినవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో. నొప్పి లేదు కదా అని జనం వదిలేసేది ఇలాంటి గడ్డనే, అందుకే ఈ పేరా నాకు అన్నిటికన్నా ముఖ్యం.

చికిత్స దగ్గర "అద్భుత ఔషధం" తీసెయ్. 2017లో అమెరికాలో అవెలుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చాక, వ్యాధి పాకినవాళ్లలో కొందరికి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే ఇలాంటి చికిత్స) బాగా, చాలాకాలం పనిచేస్తోంది. అందరికీ కాదు. అలాగే రాయి. తిరగరాశాక ఒక పాథాలజిస్టుకు (కణాలు పరీక్షించి రోగం తేల్చే డాక్టరుకు) చూపించి, ఆయన దిద్దిన ప్రతితోపాటు నాకు పంపు.